ఆ రాత్రి మందుల షాపులో ఉన్న అన్నకి

నాన్న నిన్న సాయంత్రం డిశ్చార్జి అయ్యాడు. తొమ్మిది రోజులు ఉన్నాం. ఇంకా ఎవరికీ నిద్ర తీరలేదు, రాత అటూ ఇటూ పోతే మన్నించండి. ఇది మాత్రం ఇవాళే రాయాలి.

పెద్దపేగు క్యాన్సర్. ఆపరేషన్ అయ్యాక కేపాక్స్ అనే కీమో మొదలుపెట్టారు. మొదటి రోజు ఆక్సాలిప్లాటిన్ నరానికి ఎక్కిస్తారు. తర్వాత 14 రోజులు కెపసిటాబిన్ గోలీలు, పొద్దున, రాత్రి, తిన్న అరగంటలోపు వేసుకోవాలి. ఆపైన వారం విరామం. మొదటి సైకిల్లోనే నోరంతా పుండ్లు లేచాయి. పదకొండో రోజు మోషన్లు పట్టుకున్నాయి. పన్నెండో రోజు రాత్రికి పదకొండుసార్లు.

అమ్మ, తమ్ముడు, మరదలు రాత్రింబవళ్లు ఉన్నారు. వాళ్లకు వేరే చెప్పేదేముంది.

చెప్పాల్సింది మా సందు చివర, మెహిదీపట్నం వైపు, రాత్రంతా తెరిచి ఉండే మందుల షాపు అన్న గురించి. పేరు రాయొద్దన్నాడు. రాత్రి ఒకటిన్నరకి వెళ్లి అడిగింది ఒక్కటే, మోషన్లు ఆగే గోలీలు ఒక స్ట్రిప్. ఇచ్చి డబ్బులు తీసుకుంటే అతని పని అయిపోయేది. ఇవ్వలేదు. "ఎవరికక్కా? ఏం మందులు నడుస్తున్నయి?" అని అడిగాడు. కెపసిటాబిన్ పేరు వినగానే, "జ్వరం చూసిండ్రా?" అన్నాడు. చూడలేదు. ఒళ్లు వెచ్చగా ఉందని పారాసిటమాల్ వేసి తెల్లారేదాకా ఆగుదామనుకున్నాం. "గోలీ ఏసినంక చూస్తే జ్వరం కనపడది. ముందు చూడాలె" అని షట్టర్ సగం దించి, థర్మామీటరూ రెండు జతల గ్లవుజులూ పట్టుకుని మా వెంట ఇంటికొచ్చాడు.

101.2 ఉంది.

కీమోలో ఉన్నవాళ్లకి 100.4 దాటితే అది మామూలు జ్వరం కాదు. మందు ఎక్కించిన వారం రెండు వారాల మధ్య తెల్లరక్తకణాలు బాగా పడిపోతాయి. పోరాడే కణాలు లేనప్పుడు పేగులోని సూక్ష్మజీవులే పుండుపడిన లోపొరను దాటి రక్తంలోకి వెళ్లిపోతాయి. ఆసుపత్రికి చేరిన గంటలోపు యాంటీబయాటిక్ నరానికి పడాలి. ఆ పరిస్థితిలో మనంతట మనం లోపెరమైడ్, అంటే ఆ మోషన్లు ఆపే గోలీ వేసి పేగును ఆపేస్తే లోపలి ఇన్‌ఫెక్షన్ లోపలే ఉండిపోతుంది, పైకి మోషన్లు తగ్గినట్టు కనిపించి మనల్ని మోసం చేస్తుంది. అతను స్ట్రిప్ ఇవ్వకపోవడానికి కారణం ఇది. జ్వరం, మోషన్లో రక్తం లేకపోతే లోపెరమైడ్ మంచి మందే. ముందు రెండు గోలీలు, అంటే 4 మిల్లీగ్రాములు, తర్వాత మోషన్ అయిన ప్రతిసారీ ఒకటి. రోజుకు ఎన్నింటి దాకా పోవచ్చో ముందే మీ డాక్టరు చేత రాయించుకుని ఉంచుకోండి.

ఇక ఆ రాత్రి మమ్మల్ని కూలదోసిన విషయం. 108 వస్తోందనగా నాన్నకు మంచంలోనే మోషన్ అయిపోయింది. ఈ అవతారంలో బయటికి రానని గోడవైపు తిరిగి పడుకున్నాడు. మమ్మల్ని ఎవరినీ తాకనివ్వలేదు. ఈ అన్న గ్లవుజులు వేసుకుని, "గోరువెచ్చటి నీళ్లు తెండ్రి, చన్నీళ్లు వద్దు" అన్నాడు. ఆక్సాలిప్లాటిన్ పడ్డ ఒంటికి చల్లటిది తగిలితే కరెంటు షాకులా జివ్వుమంటుంది. నాన్న చేతా ఒక్క మాట అనిపించకుండా కాళ్లూ తొడలూ తుడిచి, పంచె మార్చి, "మా నాయన లెక్కనే పెద్దాయనా, ఏం గాదు" అన్నాడు. ముక్కు చిట్లించలేదు, తొందరపడలేదు. పనయ్యాక గ్లవుజులు తిరగదీసి కవర్లో కట్టాడు. ఆ బట్టలు విడిగా రెండుసార్లు ఉతకమనీ, బాత్‌రూమ్‌లో మూత వేసి రెండుసార్లు ఫ్లష్ కొట్టమనీ చెప్పాడు. కీమో మందు మలమూత్రాల్లో కూడా బయటికి వస్తుంది మరి. ఇంతకుముందు ఒక కీమో డేకేర్ ఫార్మసీలో పనిచేశాడట. పని ఎక్కడైనా నేర్చుకోవచ్చు, ఆ చేతులు ఎక్కడ నేర్చుకున్నాయో ఇప్పటికీ అర్థం కావట్లేదు. ఇది రాస్తుంటే మళ్లీ కళ్లు నిండుతున్నాయి.

వెళ్లేముందు మందుల కవరు వెనక రాసిచ్చాడు. పైన పెద్దక్షరాలతో "కీమో పేషెంట్, జ్వరం". కింద మందుల పేర్లు, మొదటి సైకిల్ 12వ రోజు, ఎన్ని గంటలకు ఎంత జ్వరం, ఎన్ని మోషన్లు, ఆఖరిసారి మూత్రం ఎప్పుడు, రాత్రి కెపసిటాబిన్ వేయలేదు, డాక్టర్ చెప్పేదాకా వేయరు. మా దగ్గరున్న లావుపాటి ఫైల్ కన్నా ఆ కవరే పనికొచ్చింది. డ్యూటీ డాక్టరమ్మ దాన్ని చూసే కదిలింది.

కానీ ఆమె దాకా చేరడానికే గంటన్నర పట్టింది. ఆసుపత్రి పేరు రాయను. పాత నంబరు ఉన్నా మళ్లీ రిజిస్ట్రేషన్, ఆపైన డిపాజిట్, ఆపైన మంచం లేదు కూర్చోండి. గంటలోపు పడాల్సిన మందు గురించి కౌంటర్లో ఉన్నవాళ్లకి ఎవరూ చెప్పలేదంటే తప్పు ఆ పిల్లలది కాదు, వాళ్లను అక్కడ కూర్చోబెట్టినవాళ్లది. మా ఫైల్లో రాత్రిపూట ఫోన్ చేయాల్సిన నంబరు ఎక్కడా లేదు. న్యూట్రోఫిల్స్, అంటే ఆ పోరాడే తెల్లకణాలు, 300 వచ్చాయి. 500 కన్నా తగ్గితే ప్రమాదం.

ఇంకో బాధ. కెపసిటాబిన్ ఒంట్లోకి వెళ్లి 5-ఎఫ్‌యూ అనే అసలు కీమో మందుగా మారుతుంది. అందులో 80 శాతానికి పైగా విరిచేసేది కాలేయంలో ఉండే డీపీడీ అనే ఎంజైమ్. కొందరికి పుట్టుకతోనే అది తక్కువ. వాళ్లకి మామూలు డోసు కూడా విపరీతమైన డోసే, మొదటి సైకిల్లోనే ఇలా అవుతుంది. రక్తపరీక్షతో ముందే తెలుసుకోవచ్చు. ఐరోపా మందుల సంస్థ 2020లోనే మొదలుపెట్టకముందు పరీక్ష చేయమని సిఫార్సు చేసింది. మాకు ఇంత అయ్యాక పంపారు. ఫలితం వచ్చేదాకా గోలీలు ఆపారు. దయచేసి మీరు మొదటి గోలీకి ముందే అడగండి. ఫోలిక్ యాసిడ్ ఉన్న బలం గోలీలు కూడా డాక్టర్‌కి చెప్పకుండా వేయొద్దు, అవి ఈ మందు విషప్రభావాన్ని పెంచుతాయి. మా బి-కాంప్లెక్స్ స్ట్రిప్ పక్కన పెట్టించింది కూడా ఈ అన్నే.

ఓఆర్ఎస్ సంగతి. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపాలి, ఖాళీ లీటరు వాటర్ బాటిల్ కొలతకు సరిపోతుంది. గ్లాసులో సగం ప్యాకెట్ కలిపితే చిక్కబడి, పేగులోకి ఇంకా నీరు లాగి మోషన్లు పెంచుతుంది. 24 గంటలు దాటితే పారబోయాలి. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. తియ్యటి డబ్బా డ్రింకుల మీద ఓఆర్ఎస్ అనే పేరు వాడకూడదని 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించడం వెనక మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజనీ సంతోష్ గారి ఏళ్ల పోరాటం ఉంది. ఆమెకూ దండం. నోటి పుండ్లకి లీటరు నీళ్లలో చెంచా ఉప్పు, చెంచా వంటసోడా కలిపి రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించడం పనిచేసింది. ఐసు ముక్కలు చప్పరించమని కొందరు చెబుతారు, ఆక్సాలిప్లాటిన్ పడేవాళ్లకి అది వద్దు. గొంతు పట్టేసి ఊపిరాడనట్టు అవుతుంది.

నాలుగో రోజు తెల్లకణాలు పెంచే ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్ బయటి నుంచి తెమ్మన్నారు. మళ్లీ ఆ షాపే. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, గడ్డకట్టకూడదు. అందుకని ఐస్ ప్యాక్‌కీ ఇంజెక్షన్‌కీ మధ్య కాగితం మడిచి పెట్టి, "డబ్బా పెద్దాయన చేతికియ్యకుండ్రి అక్కా, చల్లగుంటది" అన్నాడు. నాన్న చేతులు అతనికి ఇంకా గుర్తున్నాయి.

అయ్యో, మర్చిపోయాను. 108లో వచ్చిన ఇద్దరు తమ్ముళ్లకి. మూడో అంతస్తు ఆయమ్మకి, అడక్కుండానే దుప్పటి తెచ్చి ఏసీ గాలి నాన్న మీద పడకుండా మంచం జరిపింది. పక్కింటి ఆంటీకి, తొమ్మిది రోజులూ ఉప్పేసిన గంజి, సగ్గుబియ్యం జావ పంపారు. రాత్రి డ్యూటీ సిస్టర్‌కి, ప్రతి మోషన్ టైమూ రాసి పొటాషియం తగ్గిందని ముందు పట్టుకుంది ఆమే. తమ్ముడి ఆఫీసువాళ్లకి కూడా.

అన్నా, నీ థర్మామీటర్ మా దగ్గరే ఉండిపోయింది. రేపు తెచ్చిస్తాను. గ్లవుజుల డబ్బులు ఈసారైనా తీసుకో.