పాత గోడకు కొత్త గోడ అతికించేవాళ్ళకి

ఎడిటర్ గారికి,

మాది శ్రీకాకుళం జిల్లా, పలాస దగ్గర పల్లె. తాత కట్టిన పెంకుటిల్లు, సున్నం గోడలు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి పెంకులు సగం లేచిపోయినా ఆ గోడలు కదల్లేదు. అమ్మ మోకాళ్ళ నొప్పులతో రాత్రిపూట పెరట్లోకి వెళ్ళలేకపోతోందని, ఇంటి వెనక ఒక గది, బాత్రూమ్ నేనే కట్టడం మొదలుపెట్టాను. తాపీ పని తెలిసిన మా బావ సాయం పట్టాడు.

పునాది తవ్విన రెండో రోజే వాన. గుంత నిండి ఒక పక్క మట్టి జారిపోయింది, వారం పని పోయింది. అది చిన్నది. కొత్త గోడని పాత గోడలో పళ్ళు పెట్టి, అంటే పాత గోడని అక్కడక్కడ తొలిచి కొత్త గోడ అంచుని అందులోకి దూర్చి, కలిపేశాం, అదే పెద్ద తప్పు. పాత ఇల్లు ఎప్పుడో నేలలో సర్దుకుంది, కొత్తది ఇంకా దిగుతూ ఉంటుంది, అందుకే వానాకాలం దాటేసరికి కలిసిన చోట పైనుంచి కిందిదాకా రూపాయి బిళ్ళ దూరేంత పగులు. రెంటికీ మధ్య సందు వదిలి, పైన రేకు కప్పితే సరిపోయేదట.

ఇంకొకటి, సున్నం గోడ మీద సిమెంటు పూశాం. లోపలి చెమ్మ బయటికి పోలేక పూత ఉబ్బి పెచ్చులుగా రాలింది. అంతా గీకి మళ్ళీ సున్నమే పూయించాం, ఆ పని తెలిసిన ముసలి మేస్త్రీని వెతకడానికే నెల పట్టింది.

మా ఊళ్ళల్లో ఇలాంటి ఇళ్ళు ఇంకా చాలా ఉన్నాయి. వాటి మరమ్మతుల మీద మీ పేపర్లో వారానికొకసారి ఇంజినీర్లతో రాయించండి, దయచేసి.

ఒక పాఠకుడు, పలాస