కావలి ప్రార్థన బృందానికి మా ఇంటిల్లిపాది కృతజ్ఞతలు

ప్రభువుకు స్తోత్రం.

మొన్న ఆదివారం మా వారు తన కాళ్ల మీద నడిచి గుడికి వచ్చి, దివ్యసత్ప్రసాదం స్వీకరించారు. చూసినవారికి అది మామూలు సంగతే. పక్కన నిలబడ్డ నాకు మాత్రం చేతులు వణికాయి.

డెంగీ అని తేలిన మూడో రోజుకే ప్లేట్‌లెట్లు 12 వేలకు పడిపోయాయి. వెంటనే నెల్లూరు తీసుకుపొమ్మన్నారు. అక్కడికి చేరాక, రాత్రి పదకొండు దాటిన తర్వాత, దాతలు కావాలన్నారు. మా వాళ్లంతా కనిగిరి దగ్గర పల్లెల్లో ఉంటారు. దిక్కు తోచక బృందం నడిపే మాస్టారికి ఫోను చేశాను. తెల్లవారకముందే నలుగురు కుర్రవాళ్లు వచ్చి నిలబడ్డారు. అందులో ఒకబ్బాయిని నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. గంటన్నర యంత్రం దగ్గర కూర్చుని ప్లేట్‌లెట్లు ఇచ్చి వచ్చాడు. మోచేతి మడతలో దూది ఇంకా అలాగే ఉంది. వచ్చీ రాగానే “అక్కా, మీరేమైనా తిన్నారా?” అని అడిగాడు. అప్పటిదాకా బిగబట్టిన ఏడుపు ఇక ఆగలేదు.

అమ్మాయికి అవి పరీక్షల రోజులు. మాస్టారి భార్య తమ ఇంటికి తీసుకెళ్లి, జడ వేసి, అన్నం పెట్టి బడికి పంపారు.

మా విచారణ గురువులు (మా గుడి ఫాదర్‌గారు) వచ్చి, రోగులకు నూనె పూసి ప్రార్థించే అభ్యంగనం ఇచ్చారు. ప్రార్థన అయ్యాక బయలుదేరతారనుకున్నాను. ఆ రాత్రికి కాపలా తాను ఉంటానని చెప్పి నన్ను పడుకోమన్నారు. తెల్లవారుజామున మెలకువ వచ్చి చూస్తే, కుళాయి దగ్గర నిలబడి గంజి ఫ్లాస్కు కడుగుతున్నారు. కడిగిన ఫ్లాస్కులోనే పక్క మంచం ముసలాయనకు టీ తెచ్చి ఇచ్చారు.

మన బృందం నడిచే కారిస్మాటిక్ నవీకరణ, అంటే కథోలిక సభలోని పవిత్రాత్మ ప్రార్థనా ఉద్యమం, అంటే చప్పట్లు, పెద్ద గొంతుతో స్తుతులు అనే నేను అనుకునేదాన్ని. అలా అనుకున్నందుకు ఈ బృందాన్ని క్షమాపణ అడుగుతున్నాను. 1967 ఫిబ్రవరిలో అమెరికాలోని పిట్స్‌బర్గ్ దగ్గర, డ్యూకేన్ విశ్వవిద్యాలయం విద్యార్థులూ అధ్యాపకులూ కొందరు ఒక వారాంతం ధ్యానానికి కూర్చున్నప్పుడు ఇది మొదలైందని మాస్టారు చెబుతుండేవారు. చదువుకునే పిల్లలతో మొదలైనదానిలోకి గురువులూ మేత్రాణులూ (బిషప్పులూ) తర్వాత వచ్చి చేరారు. 2019లో ఫ్రాన్సిస్ పోపుగారు ఈ నవీకరణలో ఉన్నవారిని అడిగిన వాటిలో పేదలకూ అవసరంలో ఉన్నవారికీ సేవ చేయడం ఒకటి. ఆ మాట కూడికలో విన్నప్పుడు తలూపి ఊరుకున్నాను. ఆసుపత్రి వరండాలో చూశాను. ఆటో నడిపే తమ్ముడు, పాఠం చెప్పే మాస్టారు, పూజ చేసే గురువు వంతులు వేసుకుని మా వారి మంచం దగ్గర కూర్చున్నారు. ఎవరి వంతు ఎక్కువ, ఎవరిది తక్కువ అన్న మాటే రాలేదు.

ఖర్చులకు ఇచ్చిన కవర్లలో ఒకదాని మీద పేరు లేదు. అందులో అన్నీ నలిగిన పది, ఇరవై నోట్లే. ఇచ్చినవారెవరో గాని, మీ కోసం రోజూ జపమాల చెబుతున్నాం.

మూతకు ఎర్ర దారం కట్టిన ఆ స్టీలు ఫ్లాస్కు మా ఇంట్లోనే ఉండిపోయింది. శుక్రవారం కూడికకు తెస్తాను, ఎవరిదో చెప్పి తీసుకోండి.