శైలూకి అమ్మ ఉత్తరం

శైలూ,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. నాన్న బీపీ నార్మలే. పెరట్లో మామిడి ఈసారి ఆలస్యంగా పూసింది.

పద్మ పిన్ని ఫోన్ చేసింది. నీ కుక్కపిల్ల రాత్రంతా కుయ్యోమంటోందనీ, పైఫ్లాట్ వాళ్లు గొడవ చేశారనీ, ఓనరు ఇల్లు ఖాళీ చేయమన్నాడనీ. నిజమేనా? పిన్ని మాట సగం కోసేసి వినాలని నాకూ తెలుసు. కానీ నువ్వు ఫోన్ ఎత్తకపోతే ఆ మిగిలిన సగమే నాకు నిద్ర లేకుండా చేస్తోంది.

లెక్చరివ్వను. రెండు నెలల పిల్ల, తల్లినీ తోబుట్టువులనీ వదిలి వచ్చింది, ఏడవక ఏం చేస్తుంది? విజయవాడ హాస్టల్లో దింపినప్పుడు నువ్వు చేసిందీ అదే. వంటింట్లో పెట్టి తలుపేయకు. నీ మంచం పక్కనే అట్టపెట్టెలో పడుకోబెట్టి, నువ్వు విడిచిన టీషర్టు ఉతక్కుండా అందులో వెయ్యి. అలవాటయ్యాక రోజుకింత దూరం జరుపు. ఆ వయసులో రెండు మూడు గంటలకి మించి ఉచ్చ ఆపుకోలేదు. రాత్రి లేచి బాల్కనీలో పేపరు మీదకి తీసుకెళ్లు, పని కాగానే పడుకోబెట్టెయ్, ముద్దులొద్దు. టీకాలు పూర్తయ్యేదాకా వీధి కుక్కలు తిరిగే చోట దింపకు, పార్వో అని ప్రాణం మీదకి తెచ్చే వాంతులు, విరేచనాల జబ్బు అంటుకోవచ్చు.

మన రాజుగాడు గుర్తున్నాడా? తాతయ్య సంచిలో వేసుకొచ్చిన కుక్కపిల్ల. వాడు కుయ్‌మన్నప్పుడల్లా నాయనమ్మ గేదెపాలు పోసేది. ఆ పాలకి విరేచనాలు, కడుపునొప్పికి ఏడుపు, ఏడుపుకి మళ్లీ పాలు. నాన్న కసిరితే ఇంకా ఎక్కువ చేసేవాడు. దెయ్యం కనిపిస్తోందని బాబాయి తేల్చేశాడు. నాయనమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీస్తే ఇల్లంతా దగ్గు, వీడు మాత్రం ఆపలేదు. చివరికి గేదెని చూడ్డానికొచ్చిన పశువుల డాక్టరు గారు, వీడు తల ఒక పక్కకి వంచి గోక్కోవడం చూసి చెవి మడిచి చూశారు. లోపల పిడుదులు! అవి తీసి మందేశాక సగం ఏడుపు పోయింది, పాలు మాన్పించాక మిగతా సగం.

అందుకని ముందు చెవులు, కాలివేళ్ల సందులు, పొట్ట చూడు. నులిపురుగుల మందు వేయించావా? తిండి మానినా, వాంతులు, విరేచనాలు పట్టుకున్నా వెంటనే డాక్టరుకి చూపించు. ఏమీ లేకపోతే ఒంటరిగా ఉండటం నేర్పాలి. రెండు నిమిషాలు బయటికెళ్లి రా, తర్వాత ఐదు, తర్వాత పది. ఏడుస్తుండగా తలుపు తీశావో, ఏడిస్తేనే తలుపు తెరుచుకుంటుందనుకుంటుంది. కాస్త ఆగిన క్షణం చూసి లోపలికెళ్లు. రోజంతా తాళమేసి ఆఫీసుకెళ్లడం మాత్రం దానికి చాలా ఎక్కువే. మధ్యాహ్నం ఎవరైనా వచ్చి చూసేలా మాట్లాడుకో. నువ్వూ టైముకి తింటున్నావా?

అపార్ట్‌మెంట్లలో పెంపుడు కుక్కలొద్దని అసోసియేషన్లు నిషేధం పెట్టకూడదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే చెప్పిందని నాన్న అంటున్నారు. అది పట్టుకుని గొడవకి దిగకు. ఓనరుతో రాసుకున్న అగ్రిమెంటు వేరే సంగతి. అతను అసలేమన్నాడో మాట కూడా మార్చకుండా చెప్పు. కుక్క వల్లేనా, అద్దె వల్లా?

సున్నుండలు చేశాను. ఎర్రమూత డబ్బా నీకు, స్టీలు డబ్బా పైఫ్లాట్ వాళ్లకి. కుక్కపిల్లకి పెట్టకు. అడ్రసు పాతదేనా, మారిందా? చెప్తే పార్సిల్ కడతాను.

అమ్మ