తూరు మీద బాంబు పడితే చప్పట్లా?

ఎడిటర్ గారికి నమస్కారం,

లెబనాన్‌లోని పాత రేవు పట్నం తూరు మీద బాంబులు పడ్డాయని వార్త వస్తే చాలు, ఆ ఊరు నాశనమవుతుందన్న బైబిల్ ప్రవక్త యెహెజ్కేలు ప్రవచనం నెరవేరింది అంటూ వెనక మ్యూజిక్ పెట్టి వీడియోలు వదులుతున్నారు. 2024 అక్టోబరు దాడులప్పుడు ఫోన్ నిండా అవే. పంపేవాళ్లు యెహెజ్కేలు గ్రంథంలో తూరు గురించిన అధ్యాయాలు అసలు తెరిచారా అని నా డౌటు.

ఎందుకంటే 26వ అధ్యాయంలో తూరు మీద మొదటి కంప్లైంటే, యెరూషలేము కూలిపోతే ఆహా ఇంక బేరమంతా మనకే అని సంబరపడిందని. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగిన బాపతు. మరి మనం ఇప్పుడు చేస్తున్నదేంటండీ?

27వ అధ్యాయమైతే పూర్తిగా ఏడుపు పాట. ఊరినే ఓడగా చూపిస్తాడు, లెబనాను దేవదారుతో స్తంభం, బాషాను సింధూర మానుతో తెడ్లు, ఐగుప్తు నుంచి తెచ్చిన కుట్టుపని నారబట్టతో తెరచాప, ఇక తర్షీషు వెండి, ఇనుము, తగరం, సీసం, యూదా గోధుమలు, తేనె, నూనె... చదువుతుంటే ఆయనకీ ఆ ఓడంటే ముచ్చటేమో అనిపిస్తుంది నాకు. ఆ లిస్టులోనే ఇత్తడి సామాన్ల పక్కన మనుషుల్ని కూడా సరుకుగా రాశాడు, 13వ వచనం, గబగబా చదివితే దాటిపోతాం. ఆమోసు అనే ఇంకో ప్రవక్త కూడా ఇదే పట్టుకున్నాడు, తూరువాళ్లు జనాన్ని గుంపులకు గుంపులు ఎదోము దేశానికి అప్పజెప్పారని. అంటే గొడవ డబ్బుండటం మీద కాదు, మనిషిని తూకం వేసి అమ్మడం మీద, 28వ అధ్యాయంలో తూరు రాజు నేనే దేవుణ్ణి అనుకోవడం మీద.

పోనీ నెరవేర్పు సంగతే చూద్దాం. బబులోను రాజు నెబుకద్నెజరు సైన్యం బోడితలలయ్యేలా చాకిరీ చేసినా తూరు దగ్గర కూలి గిట్టలేదని 29:18లో యెహెజ్కేలే చెప్తాడు. క్రీ.పూ. 332లో అలెగ్జాండర్ సముద్రంలోకి కట్ట పోసి మరీ పట్టుకున్నాడు, అయినా ఊరు మళ్లీ లేచింది. అపొస్తలుడు పౌలు అక్కడి యేసు శిష్యుల దగ్గర ఏడు రోజులున్నాడు, బయల్దేరేటప్పుడు భార్యాపిల్లలతో సహా వచ్చి ఒడ్డున మోకాళ్లూని ప్రార్థన చేసి సాగనంపారు (అపొస్తలుల కార్యములు 21). ఇప్పటికీ అక్కడ జనం ఉన్నారు, ముస్లింలూ ఉన్నారు, క్రైస్తవులూ ఉన్నారు.

మీ ఆదివారం పేజీలో 27వ అధ్యాయం మీద ఒక వ్యాసం వేయించండి, పాస్టర్‌గారి చేత రాయించినా పర్లేదు. వీడియోలు చేసే అన్నయ్యలు మాత్రం అప్‌లోడ్ నొక్కేముందు 26:2 ఒక్కసారి చదవాలని మనవి.

ఇట్లు,
మీ పాఠకుడు, గుంటూరు