రాగం పేరు ఫైల్లోనే ఉండాలి

సంపాదకులకు,

పాత కీర్తనల క్యాసెట్లను కంప్యూటర్‌కు ఎక్కిస్తున్న వాళ్లు తిరుపతిలో చాలామందే. ఎక్కించడం ఒక ఎత్తు, రాగం, తాళం, పాడినవారి పేరు, రికార్డు చేసిన ఏడాది ఎక్కడ దాగుతున్నాయో చూసుకోవడం ఇంకో ఎత్తు.

చాలా సాఫ్ట్‌వేర్లు మనం టైపు చేసిందంతా తమ సొంత డేటాబేస్‌లో దాచుకుంటాయి. వెతకడం చురుగ్గా సాగుతుంది, నిజమే. కానీ ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి ఇంకొకరికిస్తే పాటలు వెళ్తాయి, వివరాలు వెళ్లవు. సాఫ్ట్‌వేరే ఆగిపోతే మరీ కష్టం. ఫొటోలు సర్దిపెట్టుకునే పికాసా సాఫ్ట్‌వేర్‌ను గూగుల్ 2016లో ఆపేసింది. ముఖాలకు పెట్టిన పేర్లను అది మామూలుగా ఫొటోలో రాసేది కాదు. తాళ్లపాక వారి రాగిరేకుల్లో కీర్తనతో పాటే రాగం పేరూ చెక్కారు. అది వేరే రేకు మీద ఉండి ఉంటే ఏమయ్యేదో!

అందుకే వివరాలు ఫైల్లోనే ఉండాలి. ఎంపీ3 అయితే ఐడీ3 ట్యాగ్‌లో, అంటే పాట ఫైల్లోనే వివరాల కోసం ఉండే చోట రాయాలి, అదీ రెండో తరం ట్యాగ్‌లో. మొదటి తరంది ఫైలు చివర 128 బైట్లే, అందులో పాట పేరుకు 30. అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతుల్లో ఒకటైన యూటీఎఫ్-8లో తెలుగు అక్షరం, గుణింతం, పొల్లు ఒక్కోటీ 3 బైట్లు. ‘తిరుపతి గంగమ్మ జాతర’ అని రాస్తే ‘తిరుపతి గం’ దగ్గరే తెగుతుంది. రెండో తరంలో 2.3 కూర్పు, అక్షరాలకు యూటీఎఫ్-16 పద్ధతి ఎంచుకోండి. పాత ప్లేయర్లు కొన్ని 2.4ను చదవలేవు.

ఎన్నిసార్లు విన్నాం, ఏది ఇష్టం లాంటివి మాత్రం డేటాబేస్‌లోనే ఉండనివ్వండి. విన్న ప్రతిసారీ ఫైలును మారిస్తే చాలా బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు దాన్ని మళ్లీ మొత్తం కాపీ చేస్తాయి.

ఇక ఫొటోల సంగతి. కెమెరా తీసింది తీసినట్టే దాచే ‘రా’ ఫైళ్ల జోలికి పోకూడదు. వాటి వివరాలు పక్కనే ఎక్స్ఎంపీ అనే చిన్న వివరాల ఫైల్లో పెట్టాలి. ఫొటోలు సర్దుకునే డీజీకామ్ సాఫ్ట్‌వేర్‌లో ఆ సదుపాయం ఉంది. ఫొటోను ఒక్కదాన్నే వేరే ఫోల్డర్‌కు జరిపితే ఆ ఫైలు వెనకే ఉండిపోతుంది. పేరు పెట్టే పద్ధతిలోనూ తేడాలున్నాయి: కొన్ని సాఫ్ట్‌వేర్లు ఫొటో పేరు చివరి ఎన్ఈఎఫ్‌ను (నికాన్ రా ఫైలు గుర్తు) ఉంచి దానికి ఎక్స్ఎంపీ తగిలిస్తాయి, కొన్ని దాన్ని తీసేసి తగిలిస్తాయి. అందుకే ఒకటి రాసింది ఒక్కోసారి ఇంకోదానికి కనబడదు.

వెయ్యి ఫైళ్లకు వివరాలు నింపే ముందు ఐదింటికి నింపి, ఇంకో కంప్యూటర్‌లో ఇంకో సాఫ్ట్‌వేర్‌తో తెరవండి. వాట్సాప్‌లో ఫొటోగా పంపి చూడకండి, అది వివరాలను తీసేస్తుంది. డాక్యుమెంట్‌గా పంపండి.

– ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి