కొల్లేటి పక్క పల్లెల కుళాయి నీళ్ల రంగు గురించి మంత్రి గారికి బహిరంగ లేఖ

గ్రామాల తాగునీటి బాధ్యత చూస్తున్న మంత్రివర్యులకు నమస్కారములు.

అయ్యా, కైకలూరు వైపు కొల్లేటి పక్క పల్లెలో ఉంటాను. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాను. సోమవారం గ్రీవెన్సులో మేమిచ్చిన అర్జీలన్నిటికీ ఒకటే సమాధానం వచ్చింది: "క్లోరినేషన్ చేయించడమైనది, సమస్య పరిష్కరించడమైనది." ఆ మెసేజీ ఫోనుకు వచ్చిన పూట కూడా కుళాయిలో టీ డికాషన్ రంగు నీళ్లే పడ్డాయి. కింద చెప్పుకోవడం అయిపోయింది కాబట్టి మీకే రాస్తున్నాను.

మీ సిబ్బంది ఈ రంగును బురద అంటున్నారు. బురదైతే తెల్లవారేసరికి బిందె అడుగుకు దిగాలి. ఇది దిగదు. గుడ్డతో వడగట్టినా పోదు, కాచినా పోదు. ఇది నీళ్లలో కరిగిపోయిన కుళ్లు. ఈ నీళ్లతో వండితే తెల్లన్నం పచ్చబడుతోంది. పిల్లల యూనిఫాం చొక్కాలు నాలుగు ఉతుకులకే గోధుమరంగుకు తిరుగుతున్నాయి. కడుపుతో ఉన్నవాళ్లను కుళాయి నీళ్లు తాగవద్దని, టిన్ను నీళ్లు కొనుక్కోమని చెబుతున్నారు. జలజీవన్ మిషన్ కింద ఇంటింటికీ కుళాయి బిగించి మనిషికి రోజుకు 55 లీటర్లన్నారు, ఆ కుళాయి ఉన్న ఇంటి అరుగు మీదే 20 లీటర్ల టిన్ను కూర్చుంది. దాన్ని రోజూ కొనగలిగింది ఎందరు? చేపల పట్టుబడికి పోయే కూలీల ఇళ్లలో తాగేది ఈ ఎర్రనీళ్లే. ఒంటరి ముసలమ్మలు తాగేదీ ఇవే. మధ్యాహ్న భోజనం వండే ఆడవాళ్లు వీటితోనే వండి, పిల్లలు పళ్లెం చూసి మొహం తిప్పుకుంటుంటే ఏం చెప్పాలో తెలియక నన్ను అడుగుతున్నారు. నేనేం చెప్పను సార్?

ఈ కుళ్లు ఎక్కడిదో మీకు తెలుసు. చేపల చెరువులో నీరు పచ్చబడాలని కోళ్ల పెంట, పేడ వేస్తారు. మేతకు తవుడు, నూనెగింజల చెక్క వేస్తారు. తినగా మిగిలింది అడుగున కుళ్లుతుంది. పట్టుబడి అయ్యాక ఆ నీటిని ఇంజన్లు పెట్టి డ్రెయిన్లోకి తోడతారు, డ్రెయిను దూరమైతే పంట కాలువలోకే వదులుతారు. ఇది చాలదన్నట్టు బుడమేరు విజయవాడ మురుగును మోసుకొచ్చి కొల్లేట్లో పోస్తుంది. సముద్రానికి దారి ఉప్పుటేరు ఒక్కటే. నీరు కదలని చోట గుర్రపుడెక్క, కిక్కిస పెరిగి అక్కడే చచ్చి అక్కడే కుళ్లుతాయి. కాలువలో డెక్క తీయించినా గట్టు మీదే కుప్ప పోసి వెళ్తారు, వాన పడితే దాని రసం మళ్లీ కాలువలోకే దిగుతుంది.

వేసవిలో కాలువలు కట్టేసే ముందు మా కుళాయిలకు నీళ్లిచ్చే మంచినీళ్ల చెరువు నింపుతారు. ఆ రోజుల్లో ఎగువన ఎవరైనా చేపల చెరువు తోడితే, కాలువలు మళ్లీ వదిలేదాకా మాకు ఆ నీళ్లే గతి.

చేపల రైతుల మీద నాకు పగ లేదు. వాళ్లలో చాలామంది నా దగ్గర చదువుకున్నవాళ్లే, మా ఊరికి ఇంత తిండి పెడుతున్నదీ ఆ సాగే. వాళ్ల నీటికి వేరే దారి చూపాల్సింది ప్రభుత్వం. 1999లో కొల్లేటిని అయిదో కాంటూరు (సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత) వరకు అభయారణ్యం అన్నారు. 2002లో అది అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రాంసర్ జాబితాలో చేరింది. 2006లో అభయారణ్యంలోని చేపల చెరువులు పగలగొట్టారు, తర్వాత మళ్లీ తవ్వుతుంటే చూస్తూ ఊరుకున్నారు. ఆక్వా సాగును అదుపులో పెట్టడానికని 2020లో చట్టం కూడా వచ్చింది. మా కాలువ గట్టు మీదికి మాత్రం ఎవరూ రాలేదు.

అన్నిటికంటే నన్ను భయపెడుతున్నది ఆ క్లోరినే. నీళ్లలో కుళ్లు ఉంటే వేసిన క్లోరిన్‌ను ముందు అదే తినేస్తుంది. ట్యాంకు దగ్గర చూస్తే క్లోరిన్ కనిపిస్తుంది, ఊరి చివరి పేటలో కుళాయి దగ్గర ఉండదు. చాలలేదని మోతాదు పెంచుతారు. పెంచినకొద్దీ అది ఆ కుళ్లుతో కలిసి ట్రైహాలోమీథేన్లనే హానికర రసాయనాలు తయారవుతాయి. క్లోరోఫాం వాటిలో ఒకటి. ఏళ్ల తరబడి తాగే నీళ్లలో అవి పెరగకూడదు కాబట్టే మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 వాటికి హద్దులు పెట్టింది, క్లోరోఫాం లీటరుకు 0.2 మిల్లీగ్రాములు మించకూడదంది. రంగు 5 హేజెన్ యూనిట్ల లోపు ఉండాలంది, వేరే నీరు దొరకని చోట 15 వరకు ఒప్పుకుంది. మాకు చూపించిన రిపోర్టులో ఉప్పు, కాఠిన్యం, బ్యాక్టీరియా లెక్కలున్నాయి. రంగుకు అంకె లేదు, "అభ్యంతరం లేదు" అని రాశారు. ట్రైహాలోమీథేన్ల ఊసే లేదు. ఆ రాసినవారి ఇంట్లో ఈ నీళ్లు తాగుతారా అండీ?

మా తాగునీటి స్కీములో ఉన్నవి నెమ్మదిగా వడగట్టే ఇసుక బెడ్లు. అవి మురికిని, సూక్ష్మజీవుల్ని ఆపుతాయి గానీ కరిగిన రంగును పెద్దగా ఆపలేవు. ముందు పటిక వేసి తేర్చాలి, అప్పటికీ మిగిలితే రంగును పట్టుకునే యాక్టివేటెడ్ కార్బన్ (ప్రత్యేకంగా తయారుచేసిన బొగ్గు) పెట్టాలి. స్వీడన్, నార్వేల్లో అడవి నేలల నుంచి ఆకుకుళ్లు దిగి సరస్సులు గోధుమరంగుకు మారుతుంటే అక్కడి నీటి కేంద్రాలు కూడా తేర్చే మందుల మోతాదు పెంచుకోవాల్సి వచ్చింది. అక్కడ అడవిని ఆపలేరు. ఇక్కడ ఇంజన్లను ఆపవచ్చు.

ఇసుక మార్పిస్తామన్నారు, మార్చలేదు. కాలువ మీద కాపలా పెడతామన్నారు, పెట్టలేదు. మీరైనా ఈ నీళ్లకు రంగు పరీక్ష, ట్రైహాలోమీథేన్ల పరీక్ష చేయించి, అంకెలు పంచాయతీ ఆఫీసు గోడ మీద పెట్టించండి. పటికతో తేర్చే ఏర్పాటు చేయించండి. చెరువు నింపే రోజుల్లో ఎగువన ఒక్క ఇంజను తిరగకుండా చూడండి. పరీక్ష మాత్రం ముందు చేయించండి. నింపే తేదీ మాకు ముందుగా చెబితే ఆ రోజు గట్టు మీద మేమూ కాపలా ఉంటాం.

ఇట్లు,
కొల్లేటి పక్క పల్లెవాసుల తరఫున
ఒక రిటైర్డు సైన్సు మాస్టారు