జపాన్ స్క్రోల్ పటాన్ని కుడి నుంచి ఎడమకు అచ్చువేయండి

సంపాదకులు గారికి,

ఆదివారం అనుబంధంలో ‘కిదై షోరాన్’ అనే జపాన్ స్క్రోల్ పటం (చుట్టి ఉంచే పొడవాటి బొమ్మ) వేయడం మంచి పని. ఎడో, అంటే నేటి టోక్యో, వీధి బతుకు తెలుగు పాఠకుల ముందుకు ఎప్పుడో గానీ రాదు. అయితే ముక్కల్ని ఎడమ నుంచి కుడికి పేర్చారు. అక్కడే పటం దెబ్బతింది.

1805 నాటి ఈ పటం ఎత్తు 43.7 సెంటీమీటర్లు, పొడవు 12 మీటర్ల పైమాటే. అసలు ప్రతి బెర్లిన్‌లో ఉంది. కుడి కొసన ఇమగావా వంతెన దగ్గర మొదలై, దుకాణాల వెంట దక్షిణంగా సాగి, ఎడమ కొసన నిహోన్‌బాషి వంతెన, నది, పడవల దగ్గర ఆగుతుంది. 1,671 మంది జనాన్ని దాటుకుంటూ వంతెనకు చేరడమే దీన్ని చూసే తీరు. మీ పేజీలో ఆ వంతెన మొదట్లోనే వచ్చేసింది.

ఇలాంటి పటాన్ని గోడకు వేలాడదీయరు. బల్ల మీద పెట్టి ఎడమచేత్తో రెండడుగులు విప్పుతారు, చూసినంత మేర కుడిచేత్తో చుట్టేస్తారు. చిత్రకారుడు ఆ కొలత మనసులో పెట్టుకునే గీస్తాడు. జపాన్ చిత్రకారుడు ఇతో జకుచూ 1767లో యోదో నది మీద చేసిన పడవ ప్రయాణపు పటం ‘జోక్యోషూ’ కూడా అంతే. ఫుషిమి నుంచి ఒసాకాకు వాలున దిగే పడవ, ముక్కలు తారుమారైతే ఏటికి ఎదురెక్కుతుంది!

మొత్తాన్ని ఒకే పట్టీగా వేసినా లాభం లేదు. 33 సెంటీమీటర్ల వెడల్పు పేజీలో దాని ఎత్తు 1.2 సెంటీమీటర్లకు మించదు, మనుషులు చీమలవుతారు. 60 సెంటీమీటర్ల చొప్పున కోస్తే ఇరవై ఒక్క ముక్కలు. నాలుగైదు చాలు గానీ వరుసగా ఉన్నవే ఎంచాలి. ప్రతి ముక్క అంచున రెండు మూడు సెంటీమీటర్లు పక్కదానిలోనూ రావాలి, లేకపోతే అతుకు దగ్గర మనిషి సగానికి తెగుతాడు. వంతెనను మధ్యలో కోయకూడదు. మొదటి ముక్క కుడివైపు పైన ఉండాలి, అంకె, బాణం గుర్తు వేయాలి. మన వాటం కోసం బొమ్మను అద్దంలోలా తిప్పడం మరీ తప్పు: సమురాయ్ యోధుడి నడుముకు ఎడమవైపున్న కత్తులు కుడికి మారతాయి, దుకాణాల బోర్డులు చదవరావు.

చేర్యాల నకాషీ పటం పైనుంచి కిందికి విప్పుతూ కథ చెబుతారు. దాన్ని కిందినుంచి పైకి అచ్చేస్తే మనం ఊరుకుంటామా?

వచ్చే వారం ఆ ముక్కల్నే సరైన వరుసలో మళ్లీ వేయండి. టోక్యో వెళ్లే తెలుగువారికి ఒక మాట కూడా చేర్చండి: మిత్సుకోషిమాయే మెట్రో స్టేషన్ నడవాలో ‘కిదై షోరాన్’ నకలు సుమారు 17 మీటర్ల పొడవున ఉంది. కుడి కొస నుంచి నడవాలి.

– ఒక పాఠకుడు, హనుమకొండ